తెగిన పోగు కబురు

సూరత్‌లో పాండేసర పారిశ్రామికవాడ మీదుగా వడోద్ వైపు వెళ్తుంటే కార్ఖానాలు కనబడకముందే సాంచాల (మరమగ్గాల) చప్పుడు వినబడుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ ఊళ్లో ఉధనా, లింబాయత్, పాండేసర చుట్టుపక్కల స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడపాల్సినంత మంది మనవాళ్లున్నారు.

ఆ చప్పుడు మధ్య పనిచేసేవాళ్లకు ఒక చిక్కుంది. వేల పడుగు పోగుల్లో ఒకటి తెగినా సాంచా చప్పుడులో తేడా రాదు. అది నేస్తూనే ఉంటుంది. బట్ట మీద పొడుగునా సన్నటి గీత సాగుతుంది. తెగిన కొస పక్క పోగులకు చుట్టుకుని వాటినీ తెంపుతుంది. తాకా (నేసిన బట్ట చుట్ట) విప్పి చూసేటప్పుడు లోపం బయటపడితే కూలీలో కోత పడుతుంది. ఒక్కరే అటూ ఇటూ తిరుగుతూ ఎన్నో సాంచాలు చూసుకోవాల్సిన చోట కన్ను ఎన్నింటి మీదని నిలుస్తుంది? సాంచా ఆగితే పోయేది కాసేపటి పని. తెగిన పోగుతో నడిస్తే బట్టే పోతుంది.

ఎడ్మండ్ కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నది 1785లో. నేసే యంత్రమైతే వచ్చింది గానీ, దాని తప్పు అది పట్టుకునే ఏర్పాటు కుదురుకోవడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1841లో బ్లాక్‌బర్న్‌కు చెందిన విలియం కెన్‌వర్తీ, జేమ్స్ బులో పేక పోగును కనిపెట్టి ఉండే చిన్న ముల్లు లాంటి పరికరాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చారు. పేకను మోసే నాడె దాటినప్పుడు ఆ పోగు ముల్లును నొక్కుతుంది. నొక్కినంతసేపూ పని సాగుతుంది. పోగు లేకపోతే ముల్లు కదలదు, దాని వెనక కొక్కెం మీటను పట్టేస్తుంది, మగ్గం ఆగిపోతుంది. నాకు ఇందులో నచ్చేది ఒకటుంది: అది తప్పు కోసం వెతకదు, బాగున్నానన్న కబురు కోసం చూస్తుంది. ఆ కబురు రాకపోవడమే దానికి ప్రమాద సూచన.

సూరత్‌లోని వాటర్ జెట్ మగ్గాల్లోనూ ఇదే కిటుకు వేరే రూపంలో ఉంది. నీటి ధార మోసుకొచ్చిన పేక అవతలి అంచుకు చేరగానే, తడిసిన పోగు గుండా రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సన్నటి కరెంటు పారుతుంది. పారకపోతే పేక రానట్టే.

పడుగుకు మాత్రం వేరే పద్ధతి కావాలి. 1894లో అమెరికాలోని హోప్‌డేల్‌లో డ్రేపర్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన నార్‌త్రాప్ మగ్గంతో ఆ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ప్రతి పడుగు పోగు మీదా ఒక పల్చటి ఉక్కు రేకు వేలాడుతుంది. మిల్లుల్లో దాన్ని డ్రాప్ పిన్ అంటారు. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు పైనే ఉంటుంది, తెగితే జారిపడుతుంది. ఆ పడటమే మగ్గాన్ని ఆపుతుంది. ఏ రేకు పడిందో చూస్తే ఏ పోగు తెగిందో తెలిసిపోతుంది. జపాన్‌లో సాకిచి తొయోదా 1924లో తెచ్చిన జి రకం మగ్గం తప్పు జరిగితే తనంతట తాను ఆగే గుణాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 1929లో దాని హక్కుల కోసం ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. టయోటా కార్ల కథ ఆ మగ్గం చేసిన సంస్థలోనే మొదలైంది.

ఇంత మేలు చేసే రేకును అన్ని మగ్గాలకూ ఎందుకు పెట్టరు? సూరత్‌లో నేసేది ఎక్కువగా సింథటిక్ ఫిలమెంట్. ఆ సన్నటి పోగుకు రేకు రాపిడి పడదు, అందుకే చాలా చోట్ల పెట్టరు. కాపలాకు కూడా బరువుంటుంది. ఆ బరువు మోసేది పోగే.

ఇప్పటి కొత్త మగ్గాలు పడుగు ఎన్నిసార్లు తెగింది, పేక ఎన్నిసార్లు తెగింది అన్న లెక్కను యజమాని ఫోనులోని యాప్‌కు పంపగలవు. మరి ఆ యాప్‌లోనే పోగు తెగితే?

చాలాకాలం వెబ్‌సైట్ల పరిస్థితి రేకు లేని మగ్గం పరిస్థితే. తప్పులన్నీ సర్వర్‌లో ఏదో లాగ్ ఫైల్‌లో పడి ఉండేవి. వాడకందారు ఫోన్ చేసి తిడితే తప్ప ఎవరూ తెరిచి చూసేవారు కాదు. 2008లో డేవిడ్ క్రేమర్ అనే ప్రోగ్రామర్ జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో కట్టిన సైట్లలో వచ్చే ఎర్రర్లను డేటాబేస్‌లో రాసిపెట్టే చిన్న కోడ్ రాశాడు. అదే పెరిగి సెంట్రీ అనే ఎర్రర్లు పసిగట్టే సాధనం అయింది. సైట్ల వేగం మీద నిఘా పెట్టే న్యూ రెలిక్ సంస్థ పుట్టిందీ అదే ఏడాది.

ఇలాంటి సాధనం ప్రోగ్రాం లోపల కూర్చుని, కోడ్ విరిగిన క్షణంలో ఏ ఫైల్, ఏ వరుస, ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కు వెళ్తూ విరిగింది, ఏ రిలీజ్‌లో మొదలైంది అన్నవన్నీ మూటగట్టి పంపుతుంది. ఒకే తప్పు పదివేల మందికి ఎదురైతే పదివేల అలర్ట్‌లు రాకూడదు. విరిగిన తీరు ఒకటే అయితే అన్నిటినీ ఒకే కట్టగా కడుతుంది. బ్రౌజర్ వైపు ఇంకో పేచీ ఉంది. జావాస్క్రిప్ట్‌ను కుదించి ఒకే పొడవాటి వరుసగా పంపుతారు కనుక, ఎర్రర్ ఎక్కడంటే ‘1వ వరుస, 48213వ అక్షరం’ అంటుంది. దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. అసలు కోడ్‌తో జతచేసే సోర్స్ మ్యాప్ ఎక్కించినప్పుడే తెగిన పోగు చేతికి దొరుకుతుంది.

ఎర్రర్ రాకుండానే ఈడ్చుకుంటూ నడిచే పేజీ సంగతి వేరు. దాన్ని సగటుతో కొలిస్తే మోసపోతాం. ఖరీదైన ఫోన్ల వేగం చౌక ఫోన్ల అవస్థను కప్పేస్తుంది. అందుకే గూగుల్ కొలమానాలు నూటికి డెబ్బై అయిదు సందర్శనల్లో పేజీ ఎలా నడిచిందో చూస్తాయి: ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. ఈ రెండో కొలత 2024 మార్చిలో పాత కొలత స్థానంలోకి వచ్చింది.

రాపిడి గొడవ ఇక్కడా ఉంది. ప్రతి క్లిక్కునూ, ప్రతి డేటాబేస్ ప్రశ్ననూ నమోదు చేస్తూ పోతే సైటే నెమ్మదిస్తుంది, బిల్లు పెరుగుతుంది. ఎర్రర్లన్నీ పంపి, వేగం లెక్కలను మాత్రం పదింట ఒకటి చొప్పున ఏరుకుంటే చాలా సైట్లకు సరిపోతుంది. ఆ మూటలో జనం ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు పోకుండా ముందే వడకట్టాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది మర్యాద మాత్రమే కాదు.

అన్నీ ఉండీ మునిగినవాళ్లున్నారు. 2012 ఆగస్టు 1న అమెరికా షేర్ల సంస్థ నైట్ క్యాపిటల్‌లో కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది. మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమ్ ఆ తప్పును ప్రస్తావిస్తూ 97 ఈమెయిళ్లు పంపింది. వాటిని అలర్ట్‌లుగా చూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. ముప్పావు గంటలో 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. రేకు పడింది, మగ్గం ఆగలేదు. నా దృష్టిలో అది సాఫ్ట్‌వేర్ లోపం కంటే పని పంపకంలో లోపం.

మీ సైట్‌కు ఇలాంటి కాపలా పెడుతుంటే, పెట్టిన రోజే కావాలని ఒక ఎర్రర్ విసిరి చూడండి. రాత్రి నడిచే బ్యాకప్ లాంటి పనులకు ‘ముగిసింది’ అన్న కబురు రాకపోతే మోగే అలర్ట్ కూడా పెట్టండి. ఆ అలర్ట్ గ్రూప్‌లో అందరికీ కాకుండా, పేరు పెట్టి ఒక్కరికి చేరేలా చూడండి. వాళ్లు సెలవులో ఉన్న రోజు ఎవరికి వెళ్లాలో కూడా ఇప్పుడే రాసిపెట్టండి.