చెరువు చెంత దాచిన పెట్టె

నిధి యనగానే మన జనులకు గడ్డపార స్ఫురించును. హంపీ శిథిలములలో నిధ్యాశకు బలియైన శిల్పములు పెక్కు కలవు. త్రవ్వక వెదకి, కనుగొని, మరల యథాస్థానమున నుంచు వినోద మొకటి నేడు లోకమున వ్యాపించినది. దానిని జియోకాషింగ్ అనియు, దాచిన పెట్టెను జియోక్యాష్ అనియు అందురు. ప్రాచీన తటాకముల చెంత దాని నెట్లు నెరపవలెనో తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

అమెరికా ప్రభుత్వము తన ఉపగ్రహ సంకేతములలో బుద్ధిపూర్వకముగ కలిపిన దోషమును 2000 మే నెలలో తొలగించెను. అంతకు పూర్వము సామాన్యుల జి.పి.యస్. పరికరము 100 మీటర్ల వరకు పొరబడుచుండెను. పిమ్మట ఆ పొరపాటు 20 మీటర్లకు లోబడెను. మే 3వ తేదీన డేవ్ అల్మర్ ఆరెగన్ రాష్ట్రమున ఒక బొక్కెనను నేలలో కొంత పూడ్చి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. ఈ క్రీడకు అదియే నాంది.

కనుగొన్నవారు పెట్టెలోని పుస్తకమున పేరును తేదీని వ్రాయుదురు. ఒక వస్తువు గైకొన్నచో సమానమైన వేరొకటి నుంచుదురు. స్థానమును నిమిషములో వేయవవంతు వరకు తెల్పుదురు. అక్షాంశమున నిమిషము సుమారు 1,850 మీటర్లు గనుక వేయవవంతు రెండు మీటర్లకు లోపే. ఐనను పరికరము కొన్ని మీటర్లు తప్పును. కావున తుదకు కన్నులతోనే వెదకవలెను.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. హంపీ చెంతనున్న కమలాపుర తటాకము విజయనగర కాలము నాటిది. అట్టి కట్టపై వెదకువారు రాతిపరపును కదల్చినచో అలలు లోని మట్టిని కోయును. కన్నము పడినచో నీరూరి, మట్టి జారి, గండికి దారితీయును. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము తటాకమునకు 12 అంగములను, 6 దోషములను చెప్పినది. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో నొకటి.

తొలి బొక్కెన పూడ్చబడినను, నేటి నియమములు పూడ్చుటను నిషేధించుచున్నవి. స్థలస్వామి అనుమతియు వలయును. కట్ట, తూము, గుడి, శాసనశిల అను వానికి దూరముగ, వాన నీరు చేరని చోట పెట్టె నుంచుట మేలు. జనులు శంకింపకుండ దానిపై విషయమును వ్రాయవలెను. తినుబండారము లుంచరాదు.

శాసనమును విడువ నక్కర లేదు. రెండంచెల పద్ధతి యొకటి కలదు. మొదటి అంచెలో పెట్టె యుండదు. శిలపైని శకవర్షము చదివి, ఆ అంకెలతో లెక్కించి, దూరమున అనుమతి గల చోటనున్న పెట్టెను చేరవలెను. రాతిని తాకు పని లేదు. చదువుట మాత్రము తప్పదు. 1953లో మైసూరు రాష్ట్రమున చేరిన బళ్లారి సీమలో నేటికిని తెలుగు చదువు పిల్లలు కలరు. ప్రాచీన తెలుగు కన్నడ లిపులు మిక్కిలి సన్నిహితములు. ఈ వెదకులాటలో ఉభయ భాషల బాలురును ఒకే శిల ముందు నిలిచి, తమ పూర్వుల అక్షరములను కూడబలుక్కొని చదువగలరు. మన పాఠశాలలు దీనిని చేపట్టుట కర్తవ్యము.