పెట్టెలు చేయువారి సభ

హైదరాబాదు నుండి ముంబయి పోవు రాజమార్గమున పటాన్‌చెరు దాటినంతనే ముత్తంగి. వెలుపలి వలయ రహదారి ఆ మార్గమును కలియునది యచటనే. ముత్తంగి చుట్టుప్రక్కల, పాశమైలారమునందు, మందుల కర్మాగారములు మొదలుగా యంత్రశాల లనేకములు గలవు. అచట తయారైన మాత్రయైనను మఱియొకరు చేసిన డబ్బాలో, పెట్టెలో చేరనిదే గుమ్మము దాటజాలదు. ఆ పెట్టెలు, సంచులు, సీసాలు చేయువారును సంఘములుగా నేర్పడి సభలు జరుపుకొనుచుందురు. అట్టపెట్టెలవారికి అఖిల భారత సమాఖ్యయే కలదు. ఈ విద్యను నేర్పుటకు 1966లో ముంబయిలో స్థాపింపబడిన భారతీయ ప్యాకేజింగ్ సంస్థకు హైదరాబాదునందును శాఖ యున్నది.

ఇట్టి సభలలో ఉపన్యాసములకన్న భోజనవేళ పేరుచీట్లు మార్చుకొనుటయే ముఖ్యమని కొందఱు పరిహసింతురు. అందు నవ్వదగినదేమున్నది? కాగిత మమ్మువాడును, పెట్టె కొనువాడును ఒక్క పంక్తిని కూర్చుండిననే బేరము కుదురును. మన పేరంటములలో పెండ్లిసంబంధములు కుదురుట లేదా?

అట్టపెట్టె యంచును గోటితో విప్పి చూడుడు. రెండు చదునైన కాగితముల నడుమ అలలవలె మడచిన కాగితము గంజితో నంటింపబడి యుండును. ఆ మలుపులే కమానులవలె బరువును మోయును. ఇట్టి ముడుతల కాగితము 1856లో ఆంగ్లదేశమున పురుషుల టోపీలకు లోపలి పట్టీగా మొదలైనది. 1871లో అమెరికాలో ఆల్బర్టు జోన్సు దానిని సీసాలకు చుట్టించెను.

ఇక మన వంటింటి మాట. 2011 నాటి నియమముల ప్రకారము పొట్లముపై తయారీదారుని పేరు, నికర తూకము, ధర, తయారైన నెల ఉండవలెను. పూర్వము టీపొడి, బిస్కత్తులు వంటివానికి నిర్ణీతమైన తూకము లుండెడివి. 2021 సవరణచే ఆ కట్టుబాటు తొలగెను. బదులుగా గ్రాముకో, కిలోకో ధర ముద్రింపవలెనని విధించిరి. ఇది చదువని యిల్లాలు మోసపోవును. పది రూపాయల పొట్లము 80 గ్రాముల నుండి 70కి తగ్గెననుకొనుడు. పొట్లము ధర మాఱదు, కాని గ్రాము ధర పన్నెండున్నర పైసల నుండి పదునాలుగు దాటును.

లోపల వెండివలె మెఱయు పొట్లముల సంగతి మఱింత కష్టము. ప్లాస్టిక్కు, అల్యూమినియము పొరలు కలిసి గాలిని, తేమను రానీయవు గనుక బిస్కత్తు కరకరలాడును. కాని ఆ పొరలను విడదీయుట దుస్సాధ్యము, మరల వాడుట యంతకన్న దుస్సాధ్యము. 1 జులై 2022 నుండి ప్లాస్టిక్కు గ్లాసులు, గొట్టములు, మిఠాయి పెట్టెలపై చుట్టు పలుచని పొర నిషిద్ధములైనవి, ఈ పొట్లములు మాత్రము కాలేదు. ఖాళీవానిని తిరిగి సేకరింపజేయు బాధ్యత తయారుచేసి యమ్మువారిదేయని చట్టము చెప్పుచున్నది. మన వీధికి ఎవరు వచ్చి యడిగిరి?

ఆ సభలయందు యంత్రములు తెలిసినవారు, ధరలు తెలిసినవారు మాటలాడుదురు. దినమునకు పది పొట్లములు విప్పు స్త్రీ నొక్కతెను వేదికపై కూర్చుండబెట్టవలెనని నా యభిప్రాయము. తేదీని అతుకు క్రింద దాచవలదనియు, కత్తెర లేక చింపవీలగు గాటు పెట్టుడనియు, ఖాళీ పొట్లము నెచట నీయవలెనో పెద్ద యక్షరములతో తెలుపుడనియు ఆమె చెప్పగలదు.

అంతవఱకు, తేదీ చెఱిగినను, తూకము తగ్గినను, పొట్లముపై నున్న ఫిర్యాదుల సంఖ్యకు తెలుపవచ్చును. వారు పలుకనిచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు సంఖ్య 1915.