తొలి పాత కారు: కొండదారిలో కొనుగోలుకు ముందు తెలుసుకోవలసినవి

కొత్తగా డ్రైవింగ్ లైసెన్సు చేతికందిన యువకుని మనసు షోరూములోని మెరిసే కారుకంటె ఏ పాత ఇంటి షెడ్డులోనో దుమ్ముపట్టి నిలిచిన బండి వైపు మళ్ళడం వింతేమీ కాదు. ధర అందుబాటులో ఉంటుంది, రూపం విలక్షణంగా ఉంటుంది, నలుగురూ ఆగి చూస్తారు. అయితే కొరాపుట్, రాయగడ జిల్లాలలో అటువంటి బండిని కొనడానికి మైదాన ప్రాంతంలో లేని రెండు చిక్కులున్నాయి. ఒకటి రాష్ట్ర సరిహద్దు, రెండవది ఘాట్ రోడ్డు. మొదటిది కాగితాలను పరీక్షిస్తుంది, రెండవది బ్రేకులను పరీక్షిస్తుంది. ఈ రెండింటిలో నెగ్గని బండి ఎంత అందమైనదైనా, ఎంత చౌకైనదైనా కొనదగినది కాదు.

మన దేశపు క్లాసిక్ అంటే ఏది?

ఇంగ్లాండులో పాత స్పోర్ట్స్ కారు అంటే ఎంజీ, ట్రయంఫ్ వంటి రెండు సీట్ల బండ్లు గుర్తుకు వస్తాయి. లైసెన్సు, పర్మిట్ల కాలంలో మన దేశంలో అటువంటి కార్ల తయారీ దాదాపు లేదు. ట్రయంఫ్ హెరాల్డ్ నమూనాపై మద్రాసులో 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ తయారయింది. ఇంగ్లాండులో అదే హెరాల్డ్ చట్రం ఆధారంగా 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు వెలువడింది కాని, అది ఇక్కడ తయారు కాలేదు. మద్రాసు సమీపంలోని షోళవరం పందాలలో ఫియట్, హెరాల్డ్ వంటి సంసారపక్షపు కార్లనే మార్పులు చేసి పరుగెత్తించేవారు.

అందువల్ల మన యువకులకు క్లాసిక్ అంటే ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, మారుతి జిప్సీ, లేదా మహీంద్రా పాత జీపు. కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ 1984 నుంచి 2002 వరకు తయారు చేసిన కాంటెస్సాకు మూలం బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్. తొలి కాంటెస్సాలలో అంబాసిడర్‌కు వాడిన 1.5 లీటర్ల ఇంజనే ఉండేది. ఆ భారీ శరీరానికి అది చాలేది కాదు. తరువాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్‌తో, 5 గేర్లతో ఆ కారుకు నిజమైన చురుకుదనం వచ్చింది. కనుక కాంటెస్సా కొనదలచినవారు బానెట్ ఎత్తి లోపల ఏ ఇంజన్ ఉన్నదో, ఆర్సీలో ఏది రాసి ఉన్నదో సరిచూసుకోవాలి.

చట్టం దృష్టిలో వింటేజ్

పాత కారు అనగానే ప్రభుత్వం ప్రత్యేక సదుపాయాలు ఇస్తుందన్న అపోహ కొందరిలో ఉన్నది. కేంద్రం 2021 జులైలో సవరించిన మోటారు వాహన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనమే వింటేజ్ అవుతుంది. దానికి కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించడానికి 20,000 రూపాయలు, తరువాత తిరిగి చేయించడానికి 5,000 రూపాయల రుసుము నిర్ణయించారు. నంబరులో వీఏ అనే అక్షరాలు చేరుతాయి. రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు చెల్లుతుంది. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం పోయించుకోవడానికి మాత్రమే రోడ్డుమీదికి తేవచ్చు. రోజూ కళాశాలకో, ఉద్యోగానికో నడపడానికి వీలు లేదు.

ఈ లెక్కన 1984 నాటి మొట్టమొదటి కాంటెస్సా సైతం 2034 దాకా వింటేజ్ కాదు. అది కేవలం పాత కారు. పాత కారుకు వర్తించే నియమాలే దానికీ వర్తిస్తాయి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆపైన ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే 5 ఏళ్ళకొకసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 5,000 రూపాయలయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలకు పెంచారు. అమ్మేవారు ఎంతకాలంగా పొడిగింపు చేయించలేదో తెలుసుకోకుండా బేరానికి దిగితే ఆ బాకీ, జాప్యపు జరిమానా కొన్నవారి నెత్తిన పడతాయి.

సరిహద్దు దాటి వచ్చే బండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. బంధుత్వాలు, వ్యాపారాలు నేటికీ సాలూరు, పార్వతీపురం, విజయనగరం వైపు సాగుతూనే ఉన్నాయి. బండ్లు కూడ అలాగే వస్తాయి. మేనమామ కారును మేనల్లుడు తెచ్చుకుంటాడు, రాయగడ వర్తకుడు పార్వతీపురంలో జీపు కొంటాడు. మనుషులకు కనబడని సరిహద్దు వాహనానికి మాత్రం కనబడుతుంది.

వేరే రాష్ట్రపు వాహనాన్ని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవలసిందేనని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతున్నది. కొరాపుట్‌కు ఓడీ-10, రాయగడకు ఓడీ-18 వరుస నంబర్లు. 2012కు ముందు వీటి స్థానంలో ఓఆర్ అక్షరాలు ఉండేవి. విజయనగరం బండ్లకు ఏపీ-35 ఉండేది. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఏపీ-39 వరుస వచ్చింది. నంబరు మార్చుకోవాలంటే ముందుగా బండి నమోదైన కార్యాలయం నుంచి ఎన్ఓసీ రావాలి. దీనికి 28వ నంబరు ఫారం. అమ్మినవారు 29, కొన్నవారు 30 నంబరు ఫారాలు సమర్పించాలి. ఫైనాన్సు బాకీ ఉన్న బండి అయితే అది తీరినట్లు 35వ ఫారం కావాలి. వీటికి తోడు ఒడిశాలో రోడ్డు పన్ను కట్టవలసి ఉంటుంది. బేరం ఖాయం చేయకముందే ఆ మొత్తాన్ని రవాణా కార్యాలయంలో లెక్క కట్టించుకోవడం మంచిది.

పాత బండ్లలో తరచు ఎదురయ్యే చిక్కు మరొకటి ఉన్నది. ఆర్సీ ఏనాడో కాలం చేసిన తాతగారి పేరుమీదనే ఉంటుంది, మనుమడు అమ్ముతానంటాడు. అటువంటప్పుడు వారసులు 31వ ఫారంతో మొదట తమ పేరుకు మార్పించుకున్న తరువాతనే కొనాలి. సంతకం చేయవలసిన మనిషి లేని బండికి డబ్బు ఇవ్వడమంటే ఇనుము కొన్నట్లే.

పేరు మార్పును వాయిదా వేయడం అమ్మినవారికి కూడ ప్రమాదమే. బండి చేతులు మారినా, రికార్డులో పేరున్నవాడే యజమాని అనీ, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదే అనీ సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. బీమా పాలసీని కూడ కొన్న 14 రోజులలోగా తన పేరుకు మార్చమని కొన్నవారు దరఖాస్తు చేసుకోవాలి.

ఢిల్లీ పరిసరాలలో 10 ఏళ్ళు దాటిన డీజిల్, 15 ఏళ్ళు దాటిన పెట్రోలు వాహనాలపై 2015లో హరిత ట్రిబ్యునల్ విధించిన ఆంక్షలను 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన తరువాత, అక్కడి కార్లు అనేకం ఇతర రాష్ట్రాలకు చౌకగా తరలివచ్చాయి. ధర తక్కువని మురిసిపోక, అటువంటి బండికి అక్కడి కార్యాలయపు ఎన్ఓసీ ఉన్నదో లేదో మొదట చూడాలి.

మార్చిన జీపుతో జాగ్రత్త

కొండజిల్లాల యువకులను అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించేది జీపు. మహీంద్రా సంస్థ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. ఆ వంశపు బండ్లు దశాబ్దాలపాటు కొండదారులకు పనికివచ్చాయి. నేడు అమ్మకానికి వచ్చే జీపులలో చాలావాటికి వేరే ఇంజన్, వెడల్పు టైర్లు, కొత్తగా కట్టిన బాడీ ఉంటాయి. హర్యానాలోని మండీ డబ్వాలీ వంటి ఊళ్ళు ఇటువంటి జీపులకు పేరుపడ్డాయి.

కంపెనీ నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం, అటువంటి మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. కనుక ఛాసిస్‌పై చెక్కిన నంబరును, ఇంజన్ నంబరును ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చాలి. నంబరు చుట్టూ వెల్డింగు మచ్చలున్నా, అంకెలు వంకరగా ఉన్నా ఆ బేరం అక్కడితో వదులుకోవాలి.

రంగు కింద ఏమున్నది?

ఇంజన్ పాడైతే బాగుచేయవచ్చు. తుప్పుపట్టిన చట్రాన్ని బాగుచేయడం కష్టం, ఖర్చు. వానలు మెండుగా కురిసే కొరాపుట్ పీఠభూమిలో ఏళ్ళ తరబడి ఆరుబయట నిలిచిన బండి అడుగుభాగం తుప్పుపట్టక మానదు. తివాచీ ఎత్తి ఫ్లోరును, తలుపుల కింది అంచులను, చక్రాల పైభాగపు లోపలివైపును, స్ప్రింగులు బిగించిన చోట్లను చూడాలి. చిన్న అయస్కాంతం పట్టుకుని వెళితే, అది అంటుకోని చోట రేకు లేదనీ, పుట్టీ పూసి రంగు వేశారనీ తెలిసిపోతుంది. కొత్తగా తళతళలాడే రంగు మెచ్చుకోదగినది కాదు, అనుమానించదగినది.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. ముందే వేడెక్కించి ఉంచితే కారణం అడగాలి. ఎడతెగని నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతున్నదన్నమాట. వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ ఆగకపోతే నీరు ఇంజన్‌లోకి చేరుతున్నదేమోనని శంకించాలి. పాత కార్ల పనితనం తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళడం అన్నిటికంటె ఉత్తమం.

ఇంధనం సంగతీ ఆలోచించాలి. దేశమంతటా పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత కార్బురేటర్లలోని రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకునేలా తయారైనవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకోవడం వల్ల, బండిని వారాల తరబడి నిలిపితే ట్యాంకులో తుప్పు చేరుతుంది. కొన్న వెంటనే ఇంధనపు గొట్టాలను తట్టుకునే రకంతో మార్పించడం పెద్ద ఖర్చు కాదు. చేయించకపోతే గొట్టం చిట్లి, వేడి ఇంజన్‌పై పెట్రోలు కారే ప్రమాదం ఉన్నది.

ఘాట్ రోడ్డు పెట్టే పరీక్ష

కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుంచి పొట్టంగి మీదుగా సాలూరుకు దిగినా, జయపురం వైపు దిగినా మలుపులమయమైన ఘాట్ రోడ్డే. 2019 ఏప్రిల్ నాటికి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. కొత్త కారుపై డ్రైవింగ్ నేర్చిన యువకుడు దాని సహాయాన్ని గుర్తించకుండానే దానికి అలవాటుపడతాడు. పద్మినిలో, పాత జీపులో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే.

దిగుడులో పెడల్‌పై కాలు తీయకుండా ఉంటే డ్రమ్ములు విపరీతంగా వేడెక్కుతాయి. లైనింగు పట్టు తగ్గుతుంది, డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది. ఇంతలో బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ నేలకు తగులుతుంది కాని బండి ఆగదు. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు, తేమ చేరినప్పుడు ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. ఎన్నడు మార్చారో తెలియని ఆయిల్‌తో ఘాట్ దిగడం ప్రాణంతో చెలగాటం.

కొండ ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చిందో దిగడానికీ అదే గేరు వాడాలన్న పాత డ్రైవర్ల సూత్రానికి కారణం ఇదే. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే పనిచేస్తుంది. అనేక పాత గేరుబాక్సులలో నడుస్తుండగా మొదటి గేరు సులువుగా పడదు. అందుచేత దిగుడు మొదలు కాకముందే గేరు ఎంచుకోవాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం ఎన్నడూ కూడదు. సీటుబెల్టులు లేని బండికి వాటిని అమర్పించిన తరువాతనే రోడ్డెక్కాలి.

18 ఏళ్ళు నిండని కుమారుని ముచ్చట తీర్చాలని బండి చేతికిచ్చే తల్లిదండ్రులు మరొకటి గమనించాలి. మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ వరకు జైలుశిక్ష విధించేందుకు 2019 సవరణ వీలు కల్పించింది. ఆ బండి రిజిస్ట్రేషన్‌ను 12 నెలలపాటు రద్దు చేస్తారు.

సొమ్ము లెక్క

చేతనున్న డబ్బంతా బండి ధరకే వెచ్చించేవారు తరువాత దానిని షెడ్డులో నిలపవలసి వస్తుంది. కనీసం మూడవవంతు పక్కన ఉంచి, మొదట కాగితాలకు, తరువాత బ్రేకులకు, టైర్లకు, ఇంధనపు గొట్టాలకు ఖర్చు చేయాలి. రంగు, సీట్లు, పాటల పెట్టె చివరి మాట. విడిభాగాలు విజయనగరంలోనో, విశాఖపట్నంలోనో దొరికే నమూనాను ఎంచుకుంటే నిరీక్షణ తగ్గుతుంది. తొలి బండిగా అరుదైన హెరాల్డ్ కంటె మెకానిక్కులకు చేతి అలవాటున్న పద్మినియో, మార్పులు చేయని జీపో మేలు.

పాత బండిని ప్రేమించడం తప్పు కాదు. దానిని కాపాడుకునేవారు ఒక కాలపు పనితనాన్ని కాపాడుతున్నారు. అయితే ఆ ప్రేమ కాగితాలు చూచి, చట్రం తడిమి, బ్రేకు తొక్కి చూచిన తరువాత కలగడం యువకునికీ, అతని ఇంటివారికీ, ఘాట్ రోడ్డుపై ఎదురుగా వచ్చేవారికీ క్షేమం.