గొంతులో చురుక్కుమనే నూనె

మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మొదటిసారి ఉత్తదే ఒక చెంచాడు నోట్లో పోసుకున్నవాళ్లలో చాలామంది దగ్గుతారు. ముందు నాలుకకు చేదు తగులుతుంది. మింగాక రెండు మూడు క్షణాలకు గొంతులో మిరియం ఘాటులా చురుక్కుమంటుంది. నూనె పాడైందనుకుని సీసా తిరిగి ఇచ్చేద్దామనుకునేవాళ్లూ ఉంటారు. నిజానికి ఆ చేదు, ఆ ఘాటు ఉన్నాయంటే పెట్టిన డబ్బుకు సరుకు దక్కినట్టే.

ఆ చురుకు సంగతి బయటపడిన తీరు కొంచెం తమాషాగా ఉంటుంది. రుచి, వాసనల మీద పరిశోధనలు చేసే ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్త ఒకాయన సిసిలీలో కొత్త నూనె రుచి చూశారు. అంతకుముందు ఇబుప్రోఫెన్ ద్రవ మందు మింగినప్పుడు గొంతులో ఎక్కడ మండిందో సరిగ్గా అక్కడే మండింది. దాని వెంటపడి, ఓలియోకాంథాల్ అనే పదార్థమే కారణమని తేల్చారు. 2005లో నేచర్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. ఇబుప్రోఫెన్‌లాగే వాపును తగ్గించే గుణం దానికీ ఉందన్నారు. అయితే 50 గ్రాముల నూనె తాగినా అందేది పెద్దవాళ్ల ఇబుప్రోఫెన్ డోసులో పదో వంతుతో సమానమని కూడా అదే పరిశోధన చెప్పింది. కాబట్టి దీన్ని మందుగా కాదు, రుచి కోసమే కొనుక్కోవాలి.

ఇక ఈ నూనె తీసే తీరు. నువ్వులు, వేరుశెనగలు గింజలు. ఆలివ్ అలా కాదు, అది పండు, నూనె ఎక్కువగా దాని కండలోనే ఉంటుంది. పండును గింజతో సహా నూరి, ఆ ముద్దను అరగంట అటూ ఇటూగా మెల్లగా కలిపి, యంత్రంలో గిర్రున తిప్పితే పిప్పి, నీరు, నూనె వేటికవి విడిపోతాయి. రసాయనాలు కలపరు, మరిగించరు. 27 డిగ్రీల సెల్సియస్ లోపు తీస్తేనే సీసా మీద ‘కోల్డ్ ఎక్స్‌ట్రాక్షన్’ అని రాసుకోవచ్చని యూరప్ నిబంధన. కోసిన పండును కుప్పపోస్తే లోపల వేడెక్కి పులిసిపోతుంది, ఆ కంపు నూనెలోకి దిగుతుంది. అందుకే పట్టింపు ఉన్న మిల్లుల్లో కోసిన రోజే ఆడిస్తారు. పచ్చిగా ఉండగా కోస్తే నూనె తక్కువ దిగుతుంది గానీ చేదు, ఘాటు, వాసన నిండుగా ఉంటాయి. నల్లబడేదాకా ఆగితే ఎక్కువ దిగుతుంది, రుచి మెత్తబడుతుంది. కొన్ని సీసాల ధర చూసి కళ్లు తిరగడానికి ఆ పచ్చి కోత ఒక పెద్ద కారణం.

ఇక దుకాణంలో అర ముందు నిలబడదాం. ‘ఎక్స్‌ట్రా వర్జిన్’, ఉత్త ‘ఆలివ్ ఆయిల్’, ‘లైట్’, ‘పొమేస్’ పక్కపక్కనే ఉంటాయి. మొదటిదానికీ మిగతావాటికీ ఉన్న తేడా గానుగ నూనెకూ రిఫైన్డ్ నూనెకూ ఉన్న తేడాలాంటిదే. ఉత్త ఆలివ్ ఆయిల్ అంటే శుద్ధి చేసి రంగు, వాసన తీసేసిన నూనెలో కొంత వర్జిన్ నూనె కలిపింది. లైట్ అన్నదీ ఆ జాతే. తేలికయింది రుచే తప్ప కొవ్వు కాదు, గ్రాముకు 9 కేలరీలు దానికీ తప్పవు. పొమేస్ అంటే ఆడించగా మిగిలిన పిప్పి నుంచి ద్రావకాలతో లాగి, శుద్ధి చేసి, పైన కాస్త వర్జిన్ నూనె కలిపినది. దాన్ని ఉత్త ‘ఆలివ్ నూనె’ అని పిలవడానికి వీల్లేదని మాడ్రిడ్‌లోని అంతర్జాతీయ ఆలివ్ మండలి ప్రమాణాల్లోనే ఉంది. భారతీయ వంటకు సరిపోతుందంటూ మనకు దాన్ని గట్టిగానే అమ్మారు. తింటే హాని అని నేను అనను. ఆలివ్ పేరు చూసి అంత ధర పెట్టడం మాత్రం దండగ.

ఎక్స్‌ట్రా వర్జిన్ అనిపించుకోవాలంటే ఆమ్లత 0.8 శాతం దాటకూడదు. శిక్షణ పొందిన బృందం రుచి చూసినప్పుడు ఒక్క దోషమూ కనిపించకూడదు, పండు వాసన తెలియాలి. ఆమ్లత అంటే పులుపు కాదు, అది నాలుకకు అందదు. పండు దెబ్బతిన్నకొద్దీ నూనెలో విడిపోయే కొవ్వు ఆమ్లాల లెక్క అది. శుద్ధి చేసిన నూనెలోనూ అది తక్కువే ఉంటుంది కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి మురిసిపోనక్కర్లేదు. రంగునూ నమ్మొద్దు. రుచి చూసేవాళ్లకు నూనె పోసి ఇచ్చేది నీలం గాజు గ్లాసుల్లో, రంగు కనబడకూడదనే. ‘గూర్మే’, ‘ప్రీమియం’ అన్న మాటలకైతే ఏ ప్రమాణమూ లేదు.

నన్నడిగితే అన్నిటికన్నా ముందు వెతకాల్సింది పండు కోసిన తేదీ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ 2010లో అక్కడి దుకాణాల నుంచి సీసాలు తెచ్చి పరీక్షిస్తే, ఎక్స్‌ట్రా వర్జిన్ అని రాసి ఉన్న దిగుమతి నూనెల్లో 69 శాతం రుచి పరీక్షలో తప్పాయి. తప్పినవన్నీ కల్తీ అని కాదు. పాతబడ్డా, వేడికి, వెలుతురుకు చెడినా తప్పుతాయి. ‘బెస్ట్ బిఫోర్’ను సాధారణంగా సీసాలో నింపిన రోజు నుంచి లెక్కేస్తారు, అంతకుముందు నూనె తొట్టిలో ఎన్నాళ్లుందో అందులో తెలియదు. మధ్యధరా దేశాల్లో కోత అక్టోబరు నుంచి జనవరి దాకా. కోత తేదీ వేసి, ముదురు రంగు సీసాలోనో డబ్బాలోనో వచ్చిన నూనెకు నా ఓటు. ఇటలీలో నింపిన సీసాలో స్పెయిన్, గ్రీసు, ట్యునీషియా నూనె ఉండొచ్చు. వెనక చిన్న అక్షరాలు చదవాలి.

కాయ రకం పేరు కూడా రాసి ఉంటే ఎంచుకోవడం తేలిక. అర్బెకీనా మెత్తన, బాదం వాసన, కొత్తవాళ్లకు అదే మేలు. స్పెయిన్‌లో హయెన్ ప్రాంతమంతా పరుచుకున్న పిక్వాల్‌ది టమాటా ఆకు నలిపిన వాసన, త్వరగా చెడదు. గ్రీసు కొరొనైకి పచ్చిగడ్డి వాసనతో చేదుగా ఉంటుంది. ఇటలీ పూలియా ప్రాంతపు కొరాటీనా వీటన్నిటికన్నా మొండి ఘటం.

వేడి చేస్తే విషమవుతుందన్న ప్రచారాన్ని పక్కన పెట్టండి. వేపుళ్లకు కావలసింది 180 డిగ్రీలు, మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ పొగ చిమ్మేది సుమారు 190 దాటాకే. స్పెయిన్‌లోని ఆండలూసియాలో చేపలు వేయించేదీ ఆలివ్ నూనెలోనే. గ్రీకులు బెండకాయల్ని టమాటాతో కలిపి ఈ నూనెలోనే మగ్గిస్తారు. మన పోపులోనూ పోయొచ్చు, ప్రమాదమేమీ లేదు. కాకపోతే ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ ముందు దాని వాసన నిలవదు, కొన్న రుచి ఆవిరైపోతుంది. గారెల మూకుడుకు వేరుశెనగ నూనె ఉండగా ఇదెందుకు?

దీన్ని చివర్లో, పచ్చిగా పోయాలి. ఇటలీలోని టస్కనీలో కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది, కొత్త నూనె ధారగా పోసి, ఉప్పు చల్లి తింటారు. అంతే వంట. మన వంటింట్లో కాల్చిన వంకాయ పచ్చడి, ఉడికించిన శెనగలు, టమాటా దోసకాయ ముక్కలు దీనికి బాగా కుదురుతాయి, మధ్యధరా వంటల్లోనూ ఈ నూనెకు జోడీలు ఇవే. ముద్దపప్పు దగ్గర నెయ్యిని కదపకండి. ఆవకాయకు పప్పు నూనె ఉండగా దీన్ని తలచుకోనే వద్దు.

రెండు నెలల్లో అయిపోయేంత సీసానే కొనండి, పావు లీటరో అర లీటరో. పొయ్యి పక్కన, కిటికీలో పెట్టొద్దు. మే నెల బెజవాడ ఎండల్లో వంటింటి అర కూడా దానికి వేడే, ఇంట్లో చల్లగా ఉండే చీకటి మూల చూడాలి. పాతబడిన వేరుశెనగ పలుకుల వాసన వస్తే పారబోయడమే. ఫ్రిజ్‌లో పెడితే తెల్లగా గడ్డకడుతుంది, బయట పెడితే మళ్లీ కరుగుతుంది. గడ్డకడితేనే అసలు సరుకు అని కొందరు పరీక్ష చెబుతుంటారు గానీ శుద్ధి చేసినదీ గడ్డకడుతుంది కాబట్టి దానితో ఏమీ తేలదు.