మెలికను మింగే చక్రం

సంతబొమ్మాళి మండలం నౌపడ ఉప్పు మళ్లకు నీరు తోడే పంపుకు బెల్టు ఉందనుకోండి, పాతకాలపు సరంజామా అని తీసిపారేయకండి. ఇంజను ఒక్కసారిగా గుంజితే బెల్టు కాస్త సాగుతుంది, కాస్త జారుతుంది. ఆ గుంజు పంపు షాఫ్టు దాకా పూర్తిగా చేరదు. బెల్టు తీసేసి మోటారునే నేరుగా బిగిస్తే ఆ వెసులుబాటు పోయినట్టే.

ఎంత లావు ఉక్కు షాఫ్టయినా మెలితిరిగే స్ప్రింగే. ఒక కొసన రోటరు, రెండో కొసన పంపు చక్రం. తిరుగుతూనే రెండూ ఒకదానికొకటి ఎదురుగా ముందుకీ వెనక్కీ ఊగుతాయి. ఆ ఊగుడుకు సొంత లయ ఉంది. మోటారు తోపుడు దానితో కలిసిందా, మెలిక పెరుగుతూ పోతుంది. చిక్కేమిటంటే ఇది చేతికి దొరకదు. బేరింగు మీద అరచెయ్యి పెట్టి అదురు పసిగట్టే మెకానిక్కుకూ అంతుబట్టదు. గేర్లుంటే పళ్ల కటకట వినబడవచ్చు. లేకపోతే, కీ గాడి మూలనుంచి 45 డిగ్రీల ఏటవాలుగా షాఫ్టు విరిగిన రోజే తెలుస్తుంది.

ఈ జబ్బు కార్లనూ పట్టి పీడించింది. ఆరు సిలిండర్ల ఇంజన్ల పొడవాటి క్రాంకుషాఫ్టులు కొన్ని వేగాల దగ్గర విపరీతంగా అదిరేవి. బ్రిటన్‌లో డైమ్లర్ కంపెనీకి సలహాదారుగా ఉన్న ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1910 ప్రాంతంలో విరుగుడు కనిపెట్టాడు. షాఫ్టు కొసన ఒక డబ్బా, అందులో నూనె, నూనెలో వదులుగా ఒక బరువైన చక్రం. షాఫ్టు నిలకడగా తిరిగితే చక్రమూ వెంట తిరుగుతుంది. షాఫ్టు వణికితే మాత్రం తన జడత్వంతో మొండికేస్తుంది. మధ్యలో నలిగిన నూనె ఆ వణుకును వేడిగా మార్చేస్తుంది. షాఫ్టును ఇంకా లావు చేయకుండా, జారే చోటొకటి కల్పించాడు చూడండి, అదీ తెలివి! 1940ల్లో నూనె స్థానంలోకి సిలికోన్ ద్రవం వచ్చింది. వేడెక్కినా అది అంతగా పల్చబడదు.

ఇంజను సిలిండర్లలోలా విద్యుత్ మోటారులో పేలుళ్లు లేవు కాబట్టి ఈ బెడదా లేదనిపిస్తుంది. సింక్రొనస్ మోటారును నేరుగా కరెంటుకు కలిపి లేపితే ఆ ధీమా కాస్తా పోతుంది. కదిలే క్షణాన దాని తోపుడు సెకనుకు 100 సార్లు ఎగిసిపడుతుంది. వేగం పుంజుకునే కొద్దీ ఆ లెక్క సున్నాకు దిగుతుంది. దారిలో షాఫ్టు లయను తాకక తప్పదు. ఆ లయ 20 హెర్ట్జ్ అయితే, 80 శాతం వేగం దగ్గర తగులుకుంటుంది. పెద్ద కంప్రెసర్ల షాఫ్టును మోటారుకు కలిపే కప్లింగుల్లో రబ్బరు దిమ్మలు పెట్టేది ఇందుకే. పంపుసెట్టు లవ్‌జాయ్ కప్లింగులోని స్పైడరు రబ్బరూ ఆ వంశమే. అది అరిగిందని ఇనుపముక్క దూర్చి బిగించేవాళ్లను ఏమనాలి!

కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర, కాళేశ్వరం పథకపు గాయత్రి పంపుహౌసులో మోటారు ఒక్కొక్కటి 139 మెగావాట్లు. కరెంటు పౌనఃపున్యాన్ని మెల్లగా పెంచే కన్వర్టరుతో వాటిని లేపుతారు. ఇలా లేపితే 100 నుంచి దిగే ఆ కుదుపులు తప్పుతాయి. అయితే కన్వర్టర్లకూ తమ అలలున్నాయి, మోటారు పౌనఃపున్యానికి ఆరు రెట్లు, పన్నెండు రెట్ల దగ్గర. అవి లయను తాకే వేగాల దగ్గర నిలవకుండా యంత్రాన్ని చకచకా దాటిస్తారు. కొన్ని కొత్త కన్వర్టరు డ్రైవులు షాఫ్టు ఊగుడును కొలిచి, దానికి ఎదురు తోపుడు ఇచ్చి అణుస్తాయి. కొలత కాస్త ఆలస్యమైతే అదే తోపుడు ఊగుడును రెచ్చగొడుతుంది. డ్రైవు వచ్చాక కూడా చాలామంది డిజైనర్లు కప్లింగులో రబ్బరును అలాగే ఉంచుతున్నారు.