నల్లపావుల యెరబంటు

చదరంగమున తెల్లపావులవాడు మొదట నడచును గనుక నల్లపావులవాడు ఆరంభముననే ఒక యడుగు వెనుకబడియుండును. అట్టివాడు తన బంటు నొకదానిని తానై యిచ్చివేయుట గొప్ప సాహసము. ఇట్టి యెరకు గాంబిట్ అని పేరు. కాలడ్డి పడద్రోయుట యను అర్థముగల యిటాలియను మాటనుండి యిది పుట్టినది.

ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు అంతర్జాతీయ పట్టికలో 2801 అంకెల కెక్కినాడు. ఆయనవలె ఆడగోరు బాలబాలికలు ఎర వేయుటకు ముందు తమ్ము తాము అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ బంటు నిచ్చి నేనేమి కొనుచున్నాను?

బుడాపెస్టు గాంబిట్‌ను చూడుడు. తెల్లవాడు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడపగా నల్లవాడు రాజువైపు గుఱ్ఱమును బయటికి దుముకించును. తెల్లవాడు మంత్రివైపు శకటము ముందరి బంటును రెండు గళ్లు నడుపును. అంతట నల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్లు జరిపి యెర చూపును. తెల్లబంటు దానిని చంపగనే నల్లగుఱ్ఱము ముందుకు దుమికి ఆ బంటుపై గురిపెట్టును. తెల్లవాడు దానిని శకటముతోను గుఱ్ఱముతోను కాచుచుండగా, నల్లవాని రెండవ గుఱ్ఱము, శకటము, మంత్రి వరుసగా బయల్వెడలును. అతడు కొన్నది కాలము.

ఇందొక ఉచ్చు కలదు. తెల్లవాడు అంచుబంటును ఒక గడి జరిపి నల్లశకటమును బెదరించినపుడు, నల్లవాడు దానిని లెక్కింపక గుఱ్ఱముతో నడిమి బంటును చంపును. తెల్లవాడు ఆశపడి శకటమును చంపెనా, ఆ గుఱ్ఱమే తెల్లమంత్రికి రెండు గళ్ల ముందు నిలువగా ఆటకట్టు! రాజునకు చుట్టును తన పావులే అడ్డు. రాజు ముందరి బంటు గుఱ్ఱమును చంపరాదు. అది కదలినచో నల్లమంత్రి చూపు తిన్నగా రాజుపై బడును.

అయినను తెలిసినవాడు ఈ యుచ్చున పడడు. గుఱ్ఱమునకు గుఱ్ఱము మార్చుకొని, రాజు ముందరి బంటును ఒక గడి నడపి ఊపిరి తీసికొనును. అప్పటికిని నల్లవాడు చెడలేదు. ఇచ్చిన బంటు తిరిగి వచ్చినది, పావులును మేల్కొన్నవి. అందుచేతనే ఈ యెర పెద్దల ఆటలోను నిలిచినది. 1918లో బెర్లిను నగరమున విద్మార్ దీనితో మహామేధావి రూబిన్‌స్టైనును 24 ఎత్తులలో ఓడించెను. ఆనాడు ఈ యుచ్చు పడలేదు. పావుల చుఱుకుదనమే గెలిపించినది.

గోపురము కట్టబూనువాడు ముందుగా వ్యయము గణించుకొనవలెనను క్రీస్తు ఉపమానము మీ రెఱుగుదురు గదా. బంటు నిచ్చుటకు ముందు, ఎదుటివాడు ఉచ్చును కనుగొన్నాడనియే తలచి లెక్క చూడుడు. అప్పటికిని మీ యాట నిలుచునేని నిర్భయముగా ఇండు; నిలువదేని ఆ బంటును దాచుకొనుడు.