కొవ్వొత్తికి రెండు చేతులు

మత్తయి సువార్త 16వ అధ్యాయంలో యేసు తన సంఘాన్ని కడతానని పేతురుతో చెబుతూ, పాతాళ ద్వారాలు దాన్ని తట్టుకోలేవని మాటిస్తాడు. చాలామంది విశ్వాసులు దీన్ని కోటలో తలదాచుకున్నవారికి దొరికిన అభయంగా చదువుకుంటారు. బయట దుష్టశక్తి ఎంత విరుచుకుపడినా లోపలున్న సంఘానికి ఢోకా లేదన్నది వాళ్ల ధైర్యం. అయితే ద్వారాలు ఎవరి మీదికీ దండెత్తి వెళ్లవు కదా! తలుపులు బిగించుకుని కూర్చున్నది పాతాళం. నడిచివెళ్లి వాటి ముందు నిలబడేది సంఘం. మరి అలా వెళ్లేటప్పుడు సంఘం చేతిలో ఏముండాలి? దేవుని శక్తి చెడును గెలుస్తుందన్న క్రైస్తవ విశ్వాసానికి అర్థం ఈ ప్రశ్నకు చెప్పుకునే జవాబును బట్టే ఉంటుంది. చెడు వాడే ఆయుధాన్ని ముట్టనన్నప్పుడే సంఘం గెలిచింది. దాన్ని చేతబట్టిన రోజున పైకి గెలిచినట్టు కనిపించినా ఓడింది. ఈ మాటకు గట్టి సాక్ష్యం ఇరవయ్యో శతాబ్దపు జర్మనీలో దొరుకుతుంది.

అప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో, సెయింట్ నికోలస్ చర్చిలో 1982 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం 5 గంటలకు శాంతి ప్రార్థనలు జరిగేవి. రెండు అగ్రరాజ్యాల అణు క్షిపణుల మధ్య దేశం నలుగుతున్న రోజులవి. కొన్ని వారాలు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే వచ్చేవారు. పాస్టరు క్రిస్టియన్ ఫ్యూరర్, ఆయన తోటివారు చర్చి తలుపులు అందరికీ తెరిచే ఉంచారు. దేవుణ్ణి నమ్మనివారు, దేశం విడిచి వెళ్లడానికి అర్జీ పెట్టుకుని సర్కారు కంట్లో పడ్డవారు, ఇంకెక్కడా నోరు విప్పలేనివారు అక్కడ చేరేవారు. వాళ్ల మధ్యే రహస్య పోలీసుల వేగులూ కూర్చునేవారు. 1989 సెప్టెంబరు నుంచి ప్రార్థన ముగిశాక జనం వీధిలోకి నడవడం మొదలైంది.

అక్టోబరు 9 నాటికి నగరమంతా భయం కమ్ముకుంది. జూన్‌లో బీజింగ్ తియానన్మెన్ దగ్గర చైనా సైన్యం నిరసనకారులను కాల్చి చంపితే తూర్పు జర్మనీ పార్లమెంటు ఆ చర్యను సమర్థించి ఉంది. అక్టోబరు 9కి మూడు రోజుల ముందే, అవసరమైతే ఆయుధం పట్టి అణిచేస్తామన్న హెచ్చరిక స్థానిక పత్రికలో అచ్చయింది. ఆ సోమవారం అధికార పార్టీ తన సభ్యులను వందల సంఖ్యలో ముందుగానే పంపి చర్చి బల్లలు నింపించింది. దాంతో శాంతి ప్రార్థన వాళ్ల చెవినా పడింది. బయట దాదాపు 70,000 మంది పోగయ్యారు. హింస వద్దన్నదే వాళ్ల ప్రధాన నినాదం. కొవ్వొత్తి పట్టుకుని నడవాలంటే ఒక చేత్తో దాన్ని పట్టుకోవాలి, రెండో చెయ్యి గాలికి అడ్డం పెట్టాలి, ఇక రాయి పట్టడానికి చెయ్యి మిగలదని ఫ్యూరర్ తర్వాతి కాలంలో వివరించేవారు. పోలీసులు దెబ్బకు దెబ్బ తీయడానికి సిద్ధంగా ఉన్నారు గాని, వాళ్ల మీద మొదటి దెబ్బ పడనేలేదు. ఒక్క తూటా పేలలేదు. తొమ్మిది రోజులకు దేశాధినేత హోనెకర్ గద్దె దిగాడు. ఆ సోమవారానికి సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది.

ఇందులో దేవుడి ప్రమేయం ఏముంది, అంతా రాజకీయమే కదా అని అడగవచ్చు. గోర్బచేవ్ సోవియట్ ట్యాంకులను బయటికి రానివ్వలేదు, హంగరీ తన సరిహద్దు తెరిచింది, దేశం అప్పుల్లో కూరుకుపోయింది. ఇవన్నీ నిజాలే. సంగీత దర్శకుడు కుర్ట్ మజూర్, ముగ్గురు పార్టీ నాయకులు సహా ఆరుగురు కలిసి ఆ సాయంత్రం శాంతి కోసం చేసిన విజ్ఞప్తినీ మరవకూడదు. కానీ ఈ కారణాలు ప్రభుత్వం ఎందుకు బలహీనపడిందో చెబుతాయి; భయంతో, కోపంతో ఉన్న 70,000 మంది ఆ రాత్రి ఒక్క రాయైనా ఎందుకు విసరలేదో చెప్పవు. ట్యాంకులు రాకపోయినా స్థానిక సాయుధ బలగాలకు కొదవ లేదు. ఆ సంయమనం అప్పటికప్పుడు ఊడిపడింది కాదు. ఏడేళ్లుగా, పదిమంది వచ్చినా ఆపకుండా చేసిన ప్రార్థన దానికి నారు పోసింది. దేవుడు చరిత్రలో ఎలా పనిచేస్తాడని అడిగితే, భయపడ్డ మనుషులను ద్వేషానికి లొంగకుండా నిలబెట్టడం ద్వారా అని విశ్వాసి చెబుతాడు. రుజువు చేయలేని మాటే అయినా ఆధారం లేని మాట కాదు.

ఇంతకంటే పదునైన ఆక్షేపణ మరొకటుంది. హిట్లర్ కాలంలో ఈ జర్మనీ సంఘమే ఏం చేసింది? చాలా చర్చిలు అతనికి జై కొట్టాయి. 'జర్మన్ క్రైస్తవులు' అనే వర్గం యూదు వంశంలో పుట్టిన పాస్టర్లను తొలగించాలని పట్టుబట్టింది. 1934లో బార్మెన్‌లో వెలువడిన ప్రకటన క్రీస్తుకు తప్ప మరే నాయకుడికీ సంఘం లోబడదని తేల్చిచెప్పినా, అంత ధైర్యం చేసినవారు కొద్దిమందే. యుద్ధం ముగిశాక 1945 అక్టోబరులో ప్రొటెస్టెంటు నాయకులు స్టుట్‌గార్ట్‌లో తమ తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. ఈ చరిత్ర నా వాదనను కొట్టేయదు, దానికి హద్దు గీస్తుంది. జయం మాటిచ్చింది క్రీస్తు దారిన నడిచే సంఘానికే గాని, చర్చి అని బోర్డు పెట్టుకున్న ప్రతి సంస్థకూ కాదు. చెడు ఎప్పుడూ బయటే ఉంటుందనుకున్న సంఘంలోకి అది ముందు వాకిలి నుంచే దర్జాగా నడిచొస్తుంది.

మరి నిలబడి, చనిపోయినవారి మాటేమిటి? పాస్టరు పాల్ ష్నైడర్ బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో నాజీ జెండాకు వందనం చేయనన్నాడు. ఏకాంత ఖైదులో వేస్తే కిటికీలోంచి తోటి ఖైదీలకు బైబిలు మాటలు ఎలుగెత్తి వినిపించాడు. 1939 జూలై 18న అతన్ని అక్కడే చంపేశారు. ఏ గోడా కూలలేదు. దేవుని శక్తి ఓడిందా? క్రైస్తవ విశ్వాసం మొదలైందే ఇలాంటి ఓటమి దగ్గర. రోమా సిలువ మీద చనిపోయినవాణ్ణే దేవుడు లేపాడని అది ప్రకటిస్తుంది. బతికి బయటపడటమే గెలుపైతే ఆ ప్రకటనకు అర్థం లేదు. చంపగలిగినవాళ్లు ష్నైడర్‌ను తమలా మార్చలేకపోయారు. విశ్వాసి లెక్కలో చెడుకు తగిలిన ఓటమి అదే.

లైప్‌జిగ్ కథకు ఒక కొసమెరుపు ఉంది. గోడ కూలాక ఆ జనం చర్చిల్లో నిండిపోలేదు. పూర్వపు తూర్పు జర్మనీలో నేడు అత్యధికులు ఏ సంఘంలోనూ సభ్యులు కారు. సభ్యుల పట్టీ చూసి గెలుపు లెక్కగట్టేవారికి ఇది నష్టమే. కానీ పాతాళ ద్వారాలు తెరవడం లోపల చిక్కుకున్నవాళ్లను విడిపించడానికే అయితే, బయటికొచ్చినవాళ్లు ఏ దిక్కుకు వెళ్తారన్నది షరతు కాదు. ఆ సోమవారాల్లో ఆ చర్చి తలుపు లోపలికి రావడానికి ఎంత బార్లా తెరిచి ఉందో, వెళ్లడానికీ అంతే తెరిచి ఉంది.